నోటితో తినే వీలు లేనప్పుడు: ఇంట్లో టీపీఎన్ మీద బతకడం గురించి

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ. మీ తమ్ముడికి 24 ఏళ్లు. పేగులో ఎక్కడా అడ్డు లేదు, కానీ పేగు కదలడం లేదు. తిన్నది తిన్నట్టే ఉండిపోయి, పొట్ట ఉబ్బి, వాంతులవుతున్నాయి. ముక్కులోంచి చిన్నపేగు దాకా ట్యూబ్ వేసి ఫీడ్ ఇచ్చి చూశారు, అదీ పడలేదు. ఇప్పుడు ఛాతీ దగ్గర పెద్ద సిరలోకి లైన్ అనే సన్నని గొట్టం వేసి, పోషణ మొత్తాన్ని ద్రవంగా దానిలోంచి రక్తంలోకి ఎక్కించే టీపీఎన్ మొదలుపెడతామని, అంతా కుదురుకున్నాక ఇంటికి పంపిస్తామని డాక్టర్లు అంటున్నారు. ఇలా ఎంతకాలం బతకొచ్చు, ఆకలి పోతుందా, అమ్మ చాటుగా పెడుతున్న రెండు స్పూన్ల వల్ల ప్రమాదమా, అతని కోసం ఇంట్లో వంట మానేయాలా అని అడిగారు.

నాదీ ఇంచుమించు అదే జబ్బు. అడ్డు లేకుండానే అడ్డుపడ్డట్టు నడుచుకునే పేగు. చాలా ఏళ్లుగా రాత్రిపూట టీపీఎన్ ఎక్కించుకుని, పగలు నా పని నేను చేసుకుంటున్నాను. డాక్టర్ని కాను కాబట్టి డోసులు, ఫార్ములాల జోలికి పోను. ఇంట్లో ఈ బతుకు ఎలా నడుస్తుందో మాత్రం చెప్పగలను.

మామూలు మనిషికి ఒంటికి బలం అందడం, నలుగురితో కలిసి కూర్చుని తినడం ఒకే పనిలో జరిగిపోతాయి. మీ తమ్ముడికి ఆ రెండూ విడిపోయాయి. మొదటిదానికి టీపీఎన్ ఉంది, బాగానే పనిచేస్తుంది. రెండోదానికి ఏ బ్యాగూ లేదు. చాలా ఇళ్లలో గొడవంతా ఈ రెండింటినీ కలిపి చూడటం వల్లే వస్తుంది. నాలుగు ముద్దలు తింటే కోలుకుంటాడని ఒకరు, తినకపోతే చచ్చిపోతాడని ఒకరు. పోషణ సంగతి ముందు ఖాయం చేసుకోండి. తినడం గురించిన బాధను బాధగానే చూడండి, దానికి వైద్యం చేయబోకండి.

ఎంతకాలం అన్నదానికి వద్దాం. నోట్లోకి ఏమీ వెళ్లకుండా, సిరలోకి ఇచ్చిన పోషణతోనే ప్రాణి బతకడమే కాదు, పెరుగుతుందని కూడా 1960లలోనే తేలింది. అమెరికాలో పెన్సిల్వేనియా యూనివర్సిటీలో స్టాన్లీ డుడ్రిక్ అనే సర్జన్ కుక్కపిల్లలను కేవలం సిర ద్వారా పోషించి పెంచారు. మామూలుగా తిని పెరిగిన వాటి తోబుట్టువులకు అవి ఏమాత్రం తీసిపోలేదు. 1968లో ఆ పని అచ్చయింది. 1970లో టొరంటోలో జీజీభాయ్ అనే డాక్టర్, పేగు దాదాపు మొత్తం పోయిన ఒక గృహిణికి ఇంట్లోనే టీపీఎన్ ఏర్పాటు చేశారు. ఆవిడ సుమారు 20 ఏళ్లు పిల్లల్ని పెంచుకుంటూ బతికింది. అప్పటి పంపులు, అప్పటి ద్రావణాలతో. క్యాన్సర్ కాని కారణాలతో ఇంటి టీపీఎన్ మీద ఉన్నవాళ్లలో ఐదేళ్ల తర్వాత నలుగురిలో ముగ్గురు బతికే ఉంటున్నారని అనుభవం ఉన్న కేంద్రాల లెక్కలు చెబుతాయి. పోయినవాళ్లలో కూడా ఎక్కువమందిని తీసుకెళ్లింది అసలు జబ్బే, టీపీఎన్ కాదు. మీ తమ్ముడిది చిన్న వయసు. జబ్బు పేగులకే పరిమితమైతే అతని విషయంలో పదేళ్లు, ఇరవై ఏళ్లు అని ఆలోచించడం అత్యాశేమీ కాదు.

అయితే మొదటి వారం పది రోజులు ఆస్పత్రిలోనే ఉండాలి. ఎందుకంత ఆలస్యం చేస్తున్నారని డాక్టర్లను తొందరపెట్టకండి. చాలాకాలం పస్తున్న ఒంట్లోకి ఒక్కసారిగా గ్లూకోజ్ ఎక్కిస్తే ఇన్సులిన్ పెరిగి, రక్తంలోని ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం కణాల్లోకి లాగేసుకుపోతాయి. ఎండిన పొలంలోకి తూము మొత్తం ఎత్తి నీళ్లు వదిలితే గట్లు తెగినట్టు, గుండె లయ తప్పొచ్చు, ఊపిరి కష్టం కావొచ్చు. దీన్ని రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. అందుకే ముందు థయమిన్ (విటమిన్ బి1) ఇచ్చి, తక్కువ కాలరీలతో మొదలుపెట్టి, రోజూ రక్తపరీక్షలు చేస్తూ పెంచుకుంటూ పోతారు. తొలి రోజుల్లో కాళ్లు వాచినా, బరువు ఉన్నట్టుండి పెరిగినా అది కండ కాదు, నీరు. సంబరపడి బంధువులకు ఫోన్లు చేయకండి, నర్సుకు చెప్పండి.

ఇక ఆకలి. చచ్చిపోదు. మీకు ఎవరైనా చచ్చిపోతుందని చెప్పి ఉంటే వాళ్లు దాని మీద బతికినవాళ్లు కారు. రక్తంలో కావలసినంత చక్కెర, ప్రోటీన్, కొవ్వు తిరుగుతున్నా పొట్ట ఖాళీగా ఉందన్న కబురు మెదడుకు వెళుతూనే ఉంటుంది. కొందరికి బరువు కుదురుకునేకొద్దీ కడుపులో మండే ఆ ఆకలి బాగా తగ్గుతుంది, నాకూ తగ్గింది. తగ్గనిది నోటి ఆకలి. నమలాలని, కరకరలాడేది కొరకాలని, వేడివేడిగా ఏదో గొంతు దిగాలని ఉంటుంది. ఇంకోటి గడియారం ఆకలి: మధ్యాహ్నం ఆఫీసులో అందరూ డబ్బాలు పట్టుకుని లేచే వేళకు మనసు దానంతటదే లేస్తుంది. ఈ రెండూ ఏళ్ల తరబడి ఉంటాయి. కడుపులో మండే ఆకలి మరీ తీవ్రంగా ఉండి తగ్గకపోతే మాత్రం కాలరీలు సరిపోతున్నాయో లేదో అడగండి. అది అభిమానం కొద్దీ ఓర్చుకోవాల్సిన విషయం కాదు.

దాహం వేరే సంగతి. నోరు ఎండిపోతుంటే వెంటనే నీళ్లు పట్టించాలనిపిస్తుంది. టీపీఎన్‌లో ద్రవం లెక్కకట్టే ఇస్తారు కాబట్టి చాలాసార్లు అది ఒంటి దాహం కాదు, లాలాజలం ఊరని నోటి దాహం. తినని నోరు త్వరగా పాడవుతుంది. లాలాజలం తగ్గి పళ్లు పుచ్చుతాయి, నాలుక మీద తెల్లగా ఫంగస్ పడుతుంది, చెవి కింద లాలాజల గ్రంథి వాచి నొప్పి పెడుతుంది. ‘తిననే తినను, ఇంక బ్రష్ ఎందుకు’ అని మీ తమ్ముడు అంటాడు, దాదాపు అందరం అన్నాం. రెండు పూటలా తోముకోవాల్సిందే. వాంతి అయిన వెంటనే మాత్రం తోమకూడదు. ఆమ్లం వల్ల పంటి పైపొర మెత్తబడి ఉంటుంది, అప్పుడు తోమితే అరుగుతుంది. నీళ్లతో పుక్కిలించి, కాసేపాగి తోముకోమనండి.

మీ అమ్మగారి స్పూన్ల విషయానికి వస్తున్నాను. మీరు బహుశా ‘వెంటనే ఆపించండి’ అంటాననుకున్నారు. ఈ జబ్బులో నోటితో కొంచెం తీసుకోవడాన్ని చాలామంది డాక్టర్లు నిషేధించరు, పడేవాళ్లకైతే చేయమనే అంటారు. పేగు లోపలి పొర బతికి ఉండటానికి, పిత్తాశయం అప్పుడప్పుడైనా ముడుచుకోవడానికి ఆ కాస్త ఉపయోగపడుతుంది. అసలు ఇబ్బంది తిండిలో కాదు, చాటులో ఉంది. చార్టులో సున్నా అని రాసి ఉంటుంది, రాత్రి వాంతి అవుతుంది, వాంతి ఎందుకైందో తెలియక డాక్టరు ఒక మందు పెంచుతాడు, ఇంకో స్కాన్ రాస్తాడు. పైగా పొట్టలో నిలవున్నది నిద్రలో గొంతులోకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా వస్తుంది, అదీ అసలు ప్రమాదం. కాబట్టి అమ్మగారినే డాక్టరు దగ్గర కూర్చోబెట్టి, ‘ఏది పెట్టొచ్చు, ఎంత పెట్టొచ్చు, ఎప్పుడు ఆపాలి’ అని ఆవిడ చేతే అడిగించండి. రెండు స్పూన్లకు అనుమతి దొరికితే ఆ రెండు స్పూన్లు ఆవిడ హక్కుగా పెడుతుంది. దొరక్కపోతే వద్దన్నది డాక్టరు అవుతాడు, మీరో మీ తమ్ముడో కాదు. అలా అడిగించడం మీ ఇంట్లో సగం గొడవ తగ్గిస్తుంది.

పొట్ట ఉబ్బరం, వాంతులు మరీ వేధిస్తుంటే పొట్ట మీంచి ఒక ట్యూబ్ వేసి లోపల నిలిచిన గాలి, ద్రవం బయటికి వదిలే పద్ధతి ఉంది, వెంటింగ్ అంటారు. అది ఉన్నవాళ్లు కొందరు రుచి కోసం ఏదైనా తాగి, తర్వాత ట్యూబ్ తెరిచి బయటికి పంపించేస్తారు. వినడానికి వెగటుగా ఉంటుందేమో గానీ, ఒక గుక్క చల్లటిది గొంతు దిగడం అంటే ఏమిటో చాలాకాలం దిగనివాళ్లను అడగండి. మీ తమ్ముడికి అది సరిపోతుందో లేదో అడిగి చూడొచ్చు. నమిలి ఉమ్మేయడం కూడా కొందరు చేస్తారు. నాకు నచ్చలేదు, ఆకలి ఇంకా రేగేది. కొందరికి అదే ఊరట. ఎవరి ఇష్టం వాళ్లది, ఇందులో పెద్దగా తత్వం వెతకొద్దు.

వంట మానేయకండి. మా ఇంట్లో మొదట్లో నా మీద జాలితో పక్కగదిలో తలుపేసుకుని తినేవాళ్లు. నేను ఇవతల టీవీ చూస్తున్నట్టు కూర్చునేవాణ్ణి. తలుపు అవతల గరిటె గిన్నెకు తగిలిన చప్పుడు, ఎవరో ఏదో అంటే నవ్వబోయి నేనున్నానని గుర్తొచ్చి ఆపుకోవడం, అన్నీ వినపడేవి. వాసన ఎలాగూ తలుపు కిందనుంచి వచ్చేది. తిండి లేకపోవడం ఒక బాధ, ఇంట్లో పరాయివాణ్ణి అయిపోవడం ఇంకో బాధ. రెండోది అనవసరంగా మనమే తెచ్చుకున్నది. తర్వాత నేనే చెప్పి, అందరితో పాటు కూర్చోవడం మొదలుపెట్టాను. కొన్నిరోజులు కూర్చోగలను, కొన్నిరోజులు వాసన తలకెక్కి లేచి వెళ్లిపోతాను. వెళ్లిపోతే ఎవరూ వెనక రాకూడదన్నదొక్కటే ఒప్పందం. మీ తమ్ముణ్ణి కూడా అడగండి, వారానికోసారి మళ్లీ అడగండి. ఎందుకంటే జవాబు మారుతుంటుంది. వికారం బాగా ఉన్న రోజుల్లో వేపుళ్ల వాసన మాత్రం నిజంగా భరించలేం, ఆ పూటకు వంటింటి కిటికీ తెరిచిపెడితే చాలు.

ఇప్పుడు లైన్ గురించి. ఇంట్లో టీపీఎన్‌లో పొరపాటుకు చోటులేని భాగం ఇదొక్కటే, అందుకని ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఉంటాను. ఆ లైన్ కొస గుండె వాకిట్లో ఉంటుంది. చేతి మీద ఉన్న సూక్ష్మజీవి ఆ గొట్టంలోకి వెళ్లిందంటే దాన్ని ఆపడానికి మధ్యలో చర్మం లేదు, పేగు గోడ లేదు. టీపీఎన్ కూడా వాటికి మంచి మేత. బ్యాగ్‌ను ఎక్కించే గంటా రెండు గంటల ముందు ఫ్రిజ్‌లోంచి తీసి గది వేడికి రానిస్తాం. పేరు, తేదీ చూస్తాం. కొవ్వు కలిసిన బ్యాగ్ పాలలా తెల్లగా ఒకే రంగులో ఉండాలి. పైన పసుపుపచ్చని నూనె చారలు తేలినా, గడ్డలు కనిపించినా వాడకూడదు, ఎంత ఖరీదైనదైనా సరే. విటమిన్లు విడిగా ఇస్తే వాటిని నేర్పిన పద్ధతిలో కలుపుతాం. ఫ్యాన్ ఆపి, తలుపేసి, బల్ల తుడిచి, ఫోన్ అవతల పెట్టి, చేతులు మోచేతి దాకా సబ్బుతో కడుక్కుంటాం. లైన్ బయటి కొసన గొట్టం తగిలించే భాగాన్ని, అంటే హబ్‌ను, స్పిరిట్ తుడుపుతో కనీసం 15 సెకన్లు నొక్కి రుద్దుతాం. తర్వాత ఏమీ చేయకుండా ఆగుతాం. చాలామంది తప్పేది అక్కడే. రుద్దడం ఒక్కటే చాలదు, స్పిరిట్ దానంతటదే పూర్తిగా ఆరేదాకా ఆగాలి. ఊదకూడదు, విసరకూడదు, ఊరికే కూర్చోవాలి. ఆ తర్వాత సిరంజితో సెలైన్ లోపలికి తోసి లైన్‌ను కడిగితే, అంటే ఫ్లష్ చేస్తే, చేతికి ఏ అడ్డూ తగలకూడదు. తగిలితే బలవంతంగా తోయకూడదు, ఫోన్ చేయాలి. తర్వాతే గొట్టం కలిపి, లైన్‌ను నొక్కి మూసి ఉంచే క్లాంప్ తీసి, పంపు నొక్కేది. మొత్తం అరగంట పడుతుంది. నిద్ర ముంచుకొచ్చే రాత్రి కూడా అరగంటే పడాలి.

ఎక్కడానికి సాధారణంగా రాత్రిపూట మొత్తం 10-14 గంటల సేపు పడుతుంది. చివరి గంటలో పంపు తనే వేగం తగ్గించేలా పెడతారు, లేకపోతే ఉన్నట్టుండి గ్లూకోజ్ ఆగి చక్కెర పడిపోవచ్చు, ఒళ్లు వణికి చెమటలు పడతాయి. విప్పాక మళ్లీ ఫ్లష్, ఆ తర్వాత వాడని వేళల్లో లైన్‌లో నింపి ఉంచే లాక్ ద్రావణం. టారోలిడిన్ అనే లాక్ ఒకటుంది, ఇన్ఫెక్షన్లు తగ్గిస్తుందని గట్టి ఆధారాలున్నాయి. మీ ఆస్పత్రివాళ్లు దాన్ని ప్రస్తావించకపోతే మీరే ప్రస్తావించండి.

జ్వరం సంగతి ఇంట్లో అందరికీ కంఠస్థం రావాలి. లైన్ ఉన్న మనిషికి 38 డిగ్రీల సెల్సియస్ జ్వరం, లేదా టీపీఎన్ మొదలైన అరగంట గంటలో పళ్లు కొట్టుకునేంత చలి వచ్చిందంటే, వేరే కారణం రుజువయ్యేదాకా అది లైన్ ఇన్ఫెక్షనే. ఎక్కించడం ఆపి, అదే గంటలో ఆస్పత్రికి బయల్దేరాలి. పారాసిటమాల్ వేసి, దుప్పటి కప్పి, పొద్దున చూద్దాంలే అనుకునే జ్వరం కాదది. అక్కడ యాంటీబయాటిక్ ఇచ్చే ముందే లైన్‌లోంచి ఒక శాంపిల్, చేతి నరంలోంచి ఒక శాంపిల్ కల్చర్‌కు, అంటే సూక్ష్మజీవులున్నాయేమో పెంచి చూసే పరీక్షకు, తీయమనండి. ఎమర్జెన్సీలో ఉండే కొత్త డాక్టర్లు చాలామంది ఇంటి టీపీఎన్ పేషెంట్‌ను చూసి ఉండరు. చేతికి దొరికింది కదా అని మామూలు రక్తపరీక్షలకు, మామూలు ఇంజెక్షన్లకు ఆ లైన్‌నే వాడబోతారు. ఒక ఆస్పత్రిలో ఒకావిడ తుడవకుండానే సిరంజి పెట్టబోతే నేను చేయి అడ్డం పెట్టాను. ఆవిడకు కోపం వచ్చింది, రానివ్వండి. మీ స్పెషలిస్టు లెటర్‌హెడ్ మీద ‘ఈ లైన్ పోషణకు మాత్రమే, జ్వరమొస్తే ఇలా చేయండి’ అని ఒక కాగితం రాయించుకుని ఎప్పుడూ జేబులో ఉంచమనండి. మనం చెబితే వాదన, కాగితం చెబితే వైద్యం.

లైన్ తెగితే లేదా చీలితే, తెగినచోటికీ ఒంటికీ మధ్య వెంటనే క్లాంప్ వేయాలి. అందుకోసం పళ్లు లేని క్లాంప్ ఒకటి మంచం పక్కన, ఒకటి బ్యాగులో ఉండాలి. లైన్ తెరుచుకున్నప్పుడు ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీనొప్పి వస్తే గాలి లోపలికి వెళ్లి ఉండొచ్చు. క్లాంప్ వేసి, ఎడమపక్కకు తిప్పి, తల కిందికి ఉండేలా పడుకోబెట్టి అంబులెన్స్ పిలవాలి. మెడ, ముఖం, లైన్ ఉన్న వైపు చేయి వాచినా వెంటనే చూపించాలి, అది గడ్డకట్టిన రక్తం కావొచ్చు.

నెమ్మదిగా వచ్చే ఇబ్బందులు కొన్ని ఉంటాయి, వాటికి కంగారు పడనక్కర్లేదు, లెక్క మాత్రం ఉంచాలి. లివర్ ఎంజైములు పెరగొచ్చు, అప్పుడు కొవ్వు పరిమాణం తగ్గించడమో, చేపనూనె కలిసిన రకానికి మార్చడమో చేస్తారు. పిత్తాశయంలో రాళ్లు రావొచ్చు. ఎముకలు పలచబడొచ్చు కాబట్టి అప్పుడప్పుడూ ఎముక సాంద్రత పరీక్ష, విటమిన్ డి. జింక్, రాగి, సెలీనియం తగ్గుతున్నాయా, మాంగనీస్ పేరుకుంటోందా అని కూడా చూడాలి. ఈ ఆఖరిది ఎవరూ అడగరు, మీరు అడగండి.

మందుల గురించి ఒక్క హెచ్చరిక. పేగు సరిగా పీల్చుకోని మనిషికి మాత్ర వేస్తే అది ఒంటికి పట్టిందో లేదో దేవుడికే తెలియాలి. ద్రవరూపం, నాలుక కింద కరిగేది, చర్మం మీద అంటించేది, ఏది వీలైతే అది అడగాలి. నొప్పికి ఓపియాయిడ్లు (మార్ఫిన్ లాంటి మందులు) ఇస్తుంటే మరీ జాగ్రత్త. అవి అసలే కదలని పేగును ఇంకా మొద్దుబారుస్తాయి, పైగా కొందరిలో నొప్పిని పెంచుతాయి కూడా. నొప్పి ఓర్చుకోమని కాదు, నొప్పికి వేరే దారులు చూడమని. మెటోక్లోప్రమైడ్ లాంటి వాంతి మందులు నెలల తరబడి వాడితే ముఖం, నాలుక వాటంతటవే కదిలే సమస్య వచ్చి, మందు ఆపినా పోకపోవచ్చు. మూడు నెలలు దాటి వాడుతుంటే ఎందుకో అడగండి.

మనసు సంగతి చెప్పకపోతే సగమే చెప్పినట్టు. జబ్బు పేరు తేలేలోపు మీ తమ్ముణ్ణి కూడా ఎవరో ఒకరు ‘ఇదంతా టెన్షన్, తినాలని లేక చేస్తున్నాడు’ అనే ఉంటారు. ఈ జబ్బువాళ్లలో ఆ మాట పడనివాణ్ణి నేను చూడలేదు. అందుకే ఇప్పుడు కౌన్సెలర్ దగ్గరికి వెళ్దామంటే అతనికి అదే పాత నింద వినిపిస్తుంది. జబ్బు మనసులో ఉందని కాదు, జబ్బు వచ్చినవాడికి మనసు కూడా ఉందని చెప్పి తీసుకెళ్లండి. ఈ వయసులో స్నేహితులు కలిసేదే తినడానికి. పిలవడం మానేస్తారు, చెడ్డవాళ్లయి కాదు, ఏం చేయాలో తెలియక. ‘నేను తినను, కానీ వస్తాను’ అని అతనే ముందు చెబితే చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. ఫలానా పొడి వేడినీళ్లలో తాగితే నయమవుతుందని చెప్పేవాళ్లు ఎలాగూ వస్తారు. వాళ్లతో వాదించే బాధ్యత మీరు తీసుకోండి, అతని మీద పెట్టకండి.

ఎప్పటికైనా తింటాడా అని మీరు అడగలేదు, కానీ ఆ ప్రశ్న మీ ప్రతి వాక్యంలో ఉంది. కొందరికి, ముఖ్యంగా పేగు కొంత కోసేసినవాళ్లకు, మిగిలిన పేగు ఏడాది రెండేళ్లలో పని పెంచుకుని టీపీఎన్ తగ్గుతుంది, పోతుంది కూడా. 2012లో అమెరికాలో అనుమతి వచ్చిన టెడుగ్లుటైడ్ అనే మందు అలా పేగు పొట్టిగా మిగిలినవాళ్ల కోసమే, కదలని పేగుకు కాదు. ఎవరైనా దాన్ని మీకు చూపిస్తే ఈ తేడా గుర్తుంచుకోండి. కదలిక జబ్బులో పూర్తిగా బయటపడేవాళ్లు తక్కువ, మధ్యమధ్యలో మంచి నెలలు వచ్చి వారానికి రెండు మూడు రాత్రులు టీపీఎన్ లేకుండా గడిపేవాళ్లు చాలామందే ఉన్నారు. పేగుమార్పిడి ఉంది గానీ, అది లైన్ వేయడానికి సిరలు మిగలనప్పుడో లివర్ పాడైపోతున్నప్పుడో ఆలోచించేది. బాగా నడుస్తున్న టీపీఎన్‌ను వదిలి దానివైపు పరుగెత్తరు.

పని, చదువు, ప్రయాణం అన్నీ కుదురుతాయి. పంపు, బ్యాగ్ పట్టే వీపు సంచీలు ఉంటాయి. రాత్రంతా ద్రవం ఎక్కుతుంటుంది కాబట్టి మూత్రానికి రెండు మూడుసార్లు లేవాల్సి వస్తుంది, పగలు కునుకు అవసరమవుతుంది, అది బద్ధకం కాదు. స్నానానికి లైన్ మీద నీరు చొరని కవర్ వేసుకోవాలి. చెరువులో, కొలనులో మునగడం మాత్రం మర్చిపోవాల్సిందే అని మా డాక్టరు అన్నారు, నేనూ మర్చిపోయాను.

ఇంటికి పంపే ముందు ట్రైనింగ్ ఇస్తారు. మీరు, మీ అమ్మగారు ముందుకొచ్చి అన్నీ నేర్చేసుకుందామనుకుంటారు. ముందు అతన్నే నేర్చుకోనివ్వండి, మీరు రెండోవారిగా నేర్చుకోండి. తన రాత్రి భోజనం తన చేత్తో తను కలుపుకుంటున్న మనిషికీ, మంచం మీద పడుకుని ఎవరో కలిపితే చూస్తున్న మనిషికీ ఏడాది తిరిగేసరికి చాలా తేడా కనిపిస్తుంది. నర్సు చూస్తుండగా మొదటి నుంచి చివరి దాకా ఎవరి సాయం లేకుండా వరసగా కొన్నిసార్లు చేసి చూపించాకే డిశ్చార్జికి ఒప్పుకోండి. అర్ధరాత్రి పంపు మొరాయిస్తే ఎత్తే ఫోన్ నంబరు, అదనంగా ఒక పంపు లేదా కనీసం బ్యాటరీ, బ్యాగులకు చాలినంత ఖాళీ ఉన్న ఫ్రిజ్, కరెంటు పోతే ఏం చేయాలన్న జవాబు, ఇవి చేతిలో ఉండాలి. ఫార్ములా కాగితాన్ని ఫోటో తీసి ఇంట్లో ముగ్గురి ఫోన్లలో పెట్టుకోండి. ఇంకో చిన్న విషయం: శుక్రవారం డిశ్చార్జి అంటే సోమవారానికి మార్చమనండి. మొదటి రెండు రాత్రుల్లోనే ఏదో ఒక వస్తువు తక్కువ పడుతుంది, శని ఆదివారాల్లో బ్యాగులు పంపేవాళ్లూ దొరకరు, మీకు నేర్పిన నర్సూ దొరకదు.